తీరానికి దారి ఉంది.. తీరం వెంట దారేది? విశాఖ నుంచి భీమిలి వరకు నడిస్తే తెలిసేదేంటి?

విశాఖపట్నం ఆర్కే బీచ్ నుంచి భీమునిపట్నం వరకు సముద్రం పక్కనే సాగే రోడ్డు పొడవు సుమారు 30 కిలోమీటర్లు. కారులో గంటలోపే వెళ్లిపోవచ్చు. సైకిల్ మీద తాపీగా తొక్కితే రెండు మూడు గంటలు పడుతుంది. కాలినడకన అయితే ఒక రోజంతా కావాలి. ఎక్కడికక్కడ ఆగి చూస్తూ వెళ్తే రెండు రోజులు.

ఈ దారిలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండలు, వాటి మధ్య ఇసుక ఒంపులు, జాలరిపేటలు, రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామాలు, ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో ఒక నది సముద్రంలో కలిసే చోటు వరుసగా వస్తాయి. కారు అద్దంలోంచి ఇవన్నీ ఒకే నీలం గీతలా కనిపిస్తాయి. నడిచేవారికి, సైకిల్ తొక్కేవారికి మాత్రం ప్రతి మలుపూ వేరుగా ఉంటుంది.

అయితే ఈ 30 కిలోమీటర్లూ నీటి అంచు వెంబడే ఆగకుండా నడిచి వెళ్లడం కుదరదు. మధ్యలో కొండ రాళ్లు అడ్డొస్తాయి. నౌకాదళానికి చెందిన ప్రాంతాలు వస్తాయి. కొన్నిచోట్ల ప్రహరీలు, కంచెలు వస్తాయి. ఇంకొన్నిచోట్ల ఇసుకే మిగల్లేదు. అక్కడల్లా మళ్లీ రోడ్డెక్కి, వాహనాల పక్కన నడవాల్సిందే.

సముద్ర తీరం అందరిదీ అని చట్టాలు, కోర్టులు చెబుతున్నాయి. మరి తీరం వెంట నడిచే దారి ఎవరి బాధ్యత? ఈ ప్రశ్నకు భారతీయ చట్టంలో సూటి సమాధానం లేదు. విశాఖ - భీమిలి తీరం ఆ ఖాళీని స్పష్టంగా చూపిస్తుంది.

ఈ తీరం ఎందుకు వేరు?

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఎక్కువ భాగం చదునుగా ఉంటుంది. కృష్ణా, గోదావరి, పెన్నా నదులు మోసుకొచ్చిన ఒండ్రు మట్టితో ఏర్పడిన నేల అది. అక్కడ తీరం అంటే పొడవాటి ఇసుక గీత, ఉప్పుటేళ్లు, మడ అడవులు, రొయ్యల చెరువులు.

విశాఖ దగ్గర పరిస్థితి మారుతుంది. తూర్పు కనుమల కొండలు ఇక్కడ సముద్రం దాకా వచ్చేస్తాయి. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ అన్నీ ఆ వరుసలోవే. వీటిలో ఎక్కువగా కనిపించే రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు తెగ పేరు మీద ఆ రాయికి ఆ పేరు వచ్చింది. అందులో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం ఉంటుంది.

గట్టి రాయి ఉన్నచోట అలలు త్వరగా కోయలేవు. అక్కడ కొండ ముక్కు ముందుకు పొడుచుకొచ్చినట్లు నిలుస్తుంది. మెత్తటి నేల ఉన్నచోట అలలు లోపలికి తొలిచేస్తాయి. రెండు కొండ ముక్కుల మధ్య ఇసుక పేరుకుని చిన్న ఒంపు ఏర్పడుతుంది. లాసన్స్ బే, రుషికొండ, యారాడ లాంటి బీచ్‌లకు ఆ అర్ధచంద్రాకారం వచ్చింది ఇలాగే.

నీటి అంచు దగ్గర నడిచేవారికి ఇసుక మీద అక్కడక్కడ ఊదా, నలుపు రంగు చారలు కనిపిస్తాయి. చాలామంది వాటిని కాలుష్యం అనుకుంటారు. అన్ని చారలూ కాలుష్యం కావు. కొండరాయి నుంచి విడిపోయిన గార్నెట్, ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాల రేణువులు అవి. అల వెనక్కి వెళ్లేటప్పుడు తేలికైన ఇసుకను లాక్కెళ్తుంది, బరువైన రేణువులు అక్కడే మిగిలిపోతాయి.

ఆర్కే బీచ్: ఇసుక ఎటు పోతోంది?

విశాఖలో ఉదయపు నడకకు వచ్చేవారి కోసం బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని తెల్లవారుజామున వాహనాలకు మూసేస్తారు. ఆ కాసేపు రోడ్డంతా నడిచేవారిది, పరిగెత్తేవారిది, సైకిళ్లు నేర్చుకునే పిల్లలది. 2001లో నౌకాదళ సేవల నుంచి తప్పుకుని, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి ఇక్కడే ఉంది.

కానీ ఇదే తీరం కొన్ని దశాబ్దాలుగా కోతకు గురవుతోంది. దానికి కారణం అలల దిశలో ఉంది.

బంగాళాఖాతంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు నైరుతి దిశ నుంచి తీరాన్ని ఏటవాలుగా తాకుతాయి. ప్రతి అలా కొంత ఇసుకను ఉత్తరం వైపు జరుపుతుంది. అలా తూర్పు తీరం వెంట ఇసుక నిరంతరం దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తూ ఉంటుంది. 1970లలో విశాఖ ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టాక ఈ ప్రయాణానికి అడ్డు వచ్చింది. ఇసుక గోడకు దక్షిణాన ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు రావాల్సిన ఇసుక రాదు. అలలు మాత్రం ఉన్న ఇసుకను పైకి తీసుకుపోతూనే ఉంటాయి.

అందుకే పోర్టు దగ్గర పూడికతీతలో వచ్చిన ఇసుకను పైపుల ద్వారా తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. ఆ పని ఆలస్యమైతే బీచ్ సన్నబడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు బీచ్ రోడ్డు ఎంతగా దెబ్బతిన్నదో విశాఖ వాసులకు ఇంకా గుర్తే.

ఇది విశాఖ సమస్య మాత్రమే కాదు. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలను, క్షేత్రస్థాయి వివరాలను పరిశీలించింది. దేశ ప్రధాన భూభాగ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోందని, 26.9 శాతం ఇసుక చేరి పెరుగుతోందని, 39.6 శాతం స్థిరంగా ఉందని తేల్చింది. అంటే తీరం వెంట దారి వేయాలన్నా, ఉన్న దారిని కాపాడాలన్నా ముందు అంగీకరించాల్సిన సంగతి ఒకటుంది. తీరం ఒకచోట నిలిచి ఉండే గీత కాదు.

జోడుగుళ్లపాలెం నుంచి రుషికొండ: బీచ్ ఎవరి పనిస్థలం?

కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దాటాక రోడ్డు కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకుగా సాగుతుంది. 2020 అక్టోబర్‌లో గాలివానకు లంగరు తెగిన బంగ్లాదేశ్ సరకు రవాణా నౌక ‘ఎంవీ మా’ ఇక్కడి రాళ్ల మీదకే కొట్టుకొచ్చింది. ఆ రాళ్లను దగ్గర నుంచి చూస్తే ఈ భాగంలో నీటి అంచున ఎందుకు నడవలేమో తెలుస్తుంది.

జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వచ్చేసరికి మళ్లీ ఇసుక మొదలవుతుంది. ఇది పర్యాటకుల కంటే ముందు జాలర్లది. తెల్లవారేసరికి పడవలు ఒడ్డు చేరుతాయి. కొన్నిచోట్ల అలివి వలను ఒడ్డు మీద నుంచే రెండు వైపులా పట్టుకుని లాగుతారు. వలలు బాగుచేసుకోవడం, చేపలు ఎండబెట్టడం, పడవలు నిలుపుకోవడం అంతా ఇసుక మీదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో వెళ్తే పడవలకు మరమ్మతులు, రంగులు వేయడం కనిపిస్తుంది.

ఇదే తీరంలో శీతాకాలం చివర నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో పూడ్చి, పిల్లలు బయటకు వచ్చాక సముద్రంలో వదులుతుంది. పిల్ల తాబేళ్లు వెలుతురును బట్టి సముద్రం దిక్కును గుర్తిస్తాయి. రోడ్డు దీపాలు, ఫోన్ల టార్చ్‌లు వాటిని వ్యతిరేక దిశలోకి మళ్లిస్తాయి. జనవరి నుంచి మే వరకు రాత్రిపూట ఇక్కడ నడిచేవారు టార్చ్ వేయకపోవడమే మంచిదని చెప్పేది ఇందుకే.

రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, భద్రత, పరిశుభ్రత, పర్యావరణ అవగాహన లాంటి ప్రమాణాలు పాటించే బీచ్‌లకు డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే సంస్థ ఇచ్చే గుర్తింపు ఇది. నిర్వహణ లోపాలపై ఫిర్యాదులతో 2025 మార్చిలో దాన్ని తాత్కాలికంగా ఉపసంహరించారు. లోపాలు సరిదిద్దాక మళ్లీ ఇచ్చారు. 2023లో ఈ బీచ్‌లోకి వెళ్లేందుకు రూ.20 ప్రవేశ రుసుము పెట్టాలని చూస్తే నిరసనలు వచ్చాయి, ఆ ఆలోచన వెనక్కి తీసుకున్నారు.

బీచ్ పక్కనున్న రుషికొండ మీద పాత పర్యాటక రిసార్టును తొలగించి చేపట్టిన నిర్మాణాలు కోర్టు దాకా వెళ్లాయి. హైకోర్టు ఆదేశాల మేరకు ఏర్పాటైన నిపుణుల కమిటీ అక్కడ అనుమతులకు మించి పనులు జరిగినట్లు నివేదించింది. ఆ వివాదం ప్రధానంగా రాజకీయ వార్తగానే నడిచింది. తీరం కోణంలో చూస్తే మాత్రం అది ఒక చిన్న ప్రశ్న: ఒకప్పుడు ఎవరైనా ఎక్కి సముద్రాన్ని చూసిన కొండ, కొన్నేళ్లపాటు ఎవరూ వెళ్లలేని చోటుగా ఎలా మారింది?

తొట్లకొండ, బావికొండ: పేర్లలోనే నీళ్లు

రుషికొండ దాటాక కొన్ని కిలోమీటర్లకు మంగమారిపేట వస్తుంది. అక్కడ రోడ్డుకు ఎడమవైపు కొండ ఎక్కితే తొట్లకొండ. సైకిల్ మీద వచ్చేవారికి ఈ దారిలో గట్టి పరీక్ష పెట్టే ఎత్తు ఇదే. కొండ సముద్ర మట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల దీనికి తొట్లకొండ అని పేరు. సమీపంలోని మరో కొండ మీద రాతిలో తొలిచిన బావులు ఉండటంతో అది బావికొండ అయింది. రెండూ బౌద్ధ భిక్షువుల నివాసాలు. వర్షపు నీటిని నిల్వ చేసుకుంటే తప్ప ఆ కొండల మీద వందల ఏళ్లు మనుషులు ఉండటం సాధ్యం కాదు. స్తూపాలు, విహారాల సంగతి తర్వాత, ముందు వారు నీటి సంగతి చూసుకున్నారు.

బావికొండలో 1980లలో, తొట్లకొండలో 1988 నుంచి 1993 వరకు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. తొట్లకొండలో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్రం మీదుగా వచ్చే వర్తకులతో ఈ ఆరామాలకు సంబంధాలు ఉండేవని చరిత్రకారులు చెప్పడానికి ఆధారం అదే. కొండ మీద నిలబడి కింద తీరాన్ని చూస్తే ఆ మాట సులువుగా అర్థమవుతుంది. ఓడలకు కొండ గుర్తు, కొండకు ఓడలు ఆసరా.

కొండ కింద మంగమారిపేట తీరంలో నీరు వెనక్కి తగ్గినప్పుడు ఒక సహజ శిలాతోరణం దగ్గరకు నడిచి వెళ్లవచ్చు. అలలు రాతిలో బలహీనమైన భాగాన్ని తొలిచేయగా మిగిలిన ఆకారం అది. పోటు సమయంలో అక్కడికి వెళ్లడం ప్రమాదం. రాళ్ల మీద నాచు జారుతుంది, వెనక్కి వచ్చే దారి నీటిలో మునుగుతుంది.

ఎర్రమట్టి దిబ్బలు: సముద్రం వెనక్కి వెళ్లిన కాలం గుర్తు

విశాఖకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. సినిమా పాటల్లో చాలామంది చూసిన చోటే. నడవకుండా చూడలేని చోటు కూడా. వర్షపు నీరు తొలిచిన లోతైన మట్టి లోయల్లో మలుపులు తిరుగుతూ వెళ్లాలి.

గత మంచుయుగంలో భూమి మీది నీటిలో కొంత భాగం మంచుగా గడ్డకట్టడంతో సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా కిందికి పడిపోయింది. ఇప్పుడు నీటి కింద ఉన్న నేల అప్పుడు ఎండిన ఇసుక మైదానం. గాలి ఆ ఇసుకను లోపలికి తోసి దిబ్బలుగా పోసింది. తర్వాత వేల ఏళ్లలో ఇసుకలోని ఇనుము ఉన్న ఖనిజాలు గాలి, నీరు తగిలి తుప్పు పట్టాయి. ఆ తుప్పే ప్రతి రేణువుకూ ఎర్రటి పూత అయింది.

ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో కనిపిస్తాయి. తమిళనాడులో వాటిని తేరి అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 సెప్టెంబర్‌లో వీటిని యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేర్చారు. అదే విడతలో తిరుమల కొండలు, కేరళలోని వర్కల, కర్ణాటకలోని సెయింట్ మేరీస్ దీవులు కూడా చేరాయి.

గుర్తింపు వచ్చినంత మాత్రాన రక్షణ వచ్చినట్లు కాదు. 2024లో దిబ్బలను ఆనుకుని ఉన్న స్థలంలో యంత్రాలతో మట్టి చదును చేయడం బయటపడటంతో నిరసనలు వచ్చాయి, అధికారులు పనులు ఆపించారు. నడిచేవారి వల్ల కూడా నష్టం ఉంది. దిబ్బ అంచుల మీదకు ఎక్కితే వదులు మట్టి జారిపోతుంది. వాన నీరు ఆ గాడిలోనే పారి కొత్త కోత మొదలవుతుంది. అడుగున ఉన్న లోయల్లోనే నడవాలి, అంచులు ఎక్కకూడదు అన్నది ఇక్కడి మొదటి నియమం కావాలి. ఆ మాట చెప్పే బోర్డులు, చూపించే దారి ఉంటే చాలావరకు నష్టం తగ్గుతుంది.

భీమిలి: దారి ముగిసే చోట

భీమునిపట్నంలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహల దగ్గర కనిపించే నదే ఇది. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఇక్కడ స్థావరం ఏర్పాటు చేసుకున్నారు. వారి శ్మశానం, అందులోని రాతి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే ఇది మున్సిపాలిటీ అయింది. ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం.

నది కలిసే మొగ దగ్గర ఇసుక తిన్నె ఎప్పుడూ ఒకేలా ఉండదు. వరదకు తెగుతుంది, వేసవిలో మళ్లీ పేరుకుంటుంది. నిన్న నడిచిన చోట ఈరోజు నీరు ఉండవచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

భారతదేశ తీరరేఖ పొడవు 7,516 కిలోమీటర్లని దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో ఉంది. మరింత సూక్ష్మంగా కొలిచాక దాన్ని 11,098 కిలోమీటర్లకు పైగా సవరించారు. ఆంధ్రప్రదేశ్ తీరం 974 నుంచి 1,053 కిలోమీటర్లకు పెరిగింది. నేల పెరగలేదు, ప్రతి ఒంపునూ లెక్కలోకి తీసుకోవడంతో అంకె పెరిగింది.

ఈ తీరానికి రక్షణ ఆలోచన 1981లో మొదలైంది. పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీరాన్ని కాపాడాలని అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. పోటు గీత అంటే పెద్ద పోటు సమయంలో నీరు చేరే హద్దు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991లో తీరప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్ వచ్చింది. సీఆర్‌జెడ్ అని వార్తల్లో వినిపించేది అదే. 2011లో, 2019లో దాన్ని తిరగరాశారు.

2019 నిబంధనల ప్రకారం ఇసుక దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నితమైన వర్గంలోకి వస్తాయి. నగరాల్లో ఇప్పటికే ఉన్న రోడ్డుకు సముద్రం వైపు కాకుండా లోపలి వైపు నిర్మాణాలకు అవకాశం ఉంటుంది. గ్రామీణ ప్రాంతాల్లో నిర్మాణాలు చేయకూడని దూరం గతంలో 200 మీటర్లు. 2019లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 కంటే ఎక్కువ ఉన్నచోట దాన్ని 50 మీటర్లకు తగ్గించారు.

నడిచేవారికి నేరుగా సంబంధించిన నిబంధన బీచ్ రిసార్టుల మార్గదర్శకాల్లో ఉంది. ప్రజలు బీచ్‌కు వెళ్లేందుకు వీలుగా రెండు హోటళ్లు లేదా రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ వదలాలి.

అంటే రోడ్డు మీద నుంచి సముద్రం దగ్గరకు వెళ్లే అడ్డదారిని నిబంధన గుర్తించింది. సముద్రం వెంబడి సాగే దారి ఊసు మాత్రం లేదు. ఒక బీచ్‌కు చేరుకునే హక్కు ఉంది. ఆ బీచ్ నుంచి పక్క బీచ్‌కు కొండ ముక్కు మీదుగా వెళ్లే దారిని కాపాడాల్సిన బాధ్యత ఎవరిదీ కాదు.

కోర్టులు ఇంకాస్త ముందుకు వెళ్లాయి. ఎంసీ మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ప్రజా ధర్మకర్తృత్వ సూత్రాన్ని భారతీయ చట్టంలో భాగంగా ప్రకటించింది. సముద్ర తీరాలు, నదులు, అడవులు లాంటి వాటికి ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. లబ్ధిదారులు ప్రజలు. ఈ సూత్రం బలమైనదే. కానీ అది ఉల్లంఘన జరిగాక కోర్టుకు వెళ్లేవారికి ఉపయోగపడుతుంది. నడిచే దారి గీయడానికి అది చాలదు.

మిగతా చోట్ల ఎలా ఉంది?

దేశంలో కొన్నిచోట్ల జనం నడిచి నడిచి దారులు ఏర్పడ్డాయి. కర్ణాటకలోని గోకర్ణ దీనికి మంచి ఉదాహరణ. ఊరి బీచ్ నుంచి దక్షిణంగా కొండ ఎక్కి దిగితే కుడ్లె, మరో కొండ దాటితే ఓం, ఆ తర్వాత హాఫ్ మూన్, ప్యారడైజ్ బీచ్‌లు వస్తాయి. చివరి రెండింటికి వాహనాలు వెళ్లే రోడ్డు లేదు. నడవాలి, లేదా పడవ ఎక్కాలి. ఆ ఒంపులు ఇంకా ప్రశాంతంగా ఉండటానికి ప్రధాన కారణం అదే.

కేరళలోని వర్కలలో ఎర్రటి కొండచరియ అంచునే కాలిదారి ఉంది. దాని పక్కనే దుకాణాలు, హోటళ్లు పుట్టుకొచ్చాయి. చరియ కిందికి జారుతోంది, పైన నిర్మాణాలు వెనక్కి జరగడం లేదు. మధ్యలో సన్నబడుతున్నది నడిచే దారే.

బంగ్లాదేశ్ మరో పద్ధతి ఎంచుకుంది. కాక్స్ బజార్ నుంచి టెక్నాఫ్ వరకు 80 కిలోమీటర్ల మెరైన్ డ్రైవ్‌ను 2017లో ప్రారంభించింది. తీరం అందరికీ దగ్గరైంది. కానీ బీచ్ పక్కనే శాశ్వత రోడ్డు వేస్తే అలల నుంచి దాన్ని కాపాడటం కూడా శాశ్వత ఖర్చే. కోతకు గురైన భాగాల్లో ఇసుక సంచులు వేయాల్సి వస్తోంది.

వేల్స్ 2012లో తన తీరం మొత్తం చుట్టే సుమారు 1,400 కిలోమీటర్ల కాలిదారిని ప్రారంభించింది. ఇంగ్లండ్ 2009లో ప్రత్యేక చట్టం చేసి, తన తీరం చుట్టూ సుమారు 4,300 కిలోమీటర్ల కాలిదారిని సిద్ధం చేసుకుంటూ వచ్చింది. ఆ చట్టంలో గమనించాల్సిన అంశం దారి పొడవు కాదు. తీరం కోతకు గురై దారి పడిపోతే, దాన్ని లోపలికి జరిపే ఏర్పాటు కూడా ముందే చేసుకున్నారు. భూమి కోల్పోయిన ప్రతిసారీ కొత్తగా పోరాడాల్సిన అవసరం లేదు.

భారత్‌లో దాన్ని యథాతథంగా తేవడం కుదరదు. ఇక్కడ తీరం వేలాది జాలరి కుటుంబాల ఇల్లు, పనిస్థలం. వారి ఇళ్ల ముందు నుంచి పర్యాటక మార్గం వేసేటప్పుడు వారి మాటకే మొదటి స్థానం ఉండాలి. నౌకాదళ స్థావరాలు, పోర్టుల దగ్గర దారి పక్కకు తిరగక తప్పదు. అయితే తీరం కదులుతుంది కాబట్టి దారి కూడా కదలాలన్న ఆలోచన ఎక్కడికైనా పనికొస్తుంది.

వెళ్లాలనుకునేవారు గుర్తుంచుకోవాల్సినవి

విశాఖ - భీమిలి నడకకు, సైకిల్ ప్రయాణానికి నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య తుపాన్ల ముప్పు ఉంటుంది కాబట్టి వాతావరణ హెచ్చరికలు చూసుకుని బయల్దేరాలి. మార్చి తర్వాత ఉదయం తొమ్మిది దాటితే ఉక్కపోత నడవనివ్వదు.

సైకిల్‌పై వెళ్లేవారికి వారాంతపు మధ్యాహ్నాలు మంచివి కావు. వాహనాల రద్దీ ఎక్కువ, మలుపుల దగ్గర రోడ్డు ఇరుకు. తెల్లవారుజామున బయల్దేరి పదిలోపు భీమిలి చేరడం మేలు. తీరం నుంచి కాస్త పక్కకు వెళ్లదలచినవారికి కంబాలకొండ అడవి పక్కన ముడసర్లోవ జలాశయం ఉంది. వందేళ్లకు పైబడిన ఆ చెరువు దగ్గర చలికాలంలో నీటి పక్షులు కనిపిస్తాయి.

విశాఖ దగ్గర పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కానీ రాళ్ల మధ్య చిక్కుకోవడానికి అంత చాలు. హైదరాబాద్‌లోని జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, అలల ఎత్తు, పోటు సమయాలు, ఉప్పెన హెచ్చరికలను రోజూ ఉచితంగా ఇస్తుంది. జాలర్ల కోసం మొదలైన సేవ ఇది, నడిచేవారికీ అంతే ఉపయోగం.

ఈ ఒంపుల్లో కనిపించని ప్రమాదం రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చిన నీరంతా ఒక సన్నని పాయలో వేగంగా లోపలికి తిరిగి వెళ్తుంది. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే అది ఉంటుంది, అందుకే జనం అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ నుంచి బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. యారాడ, ఆర్కే బీచ్, రుషికొండ దేనికైనా ఇదే వర్తిస్తుంది.

రాబోయేది రోడ్డా, దారా?

భోగాపురం విమానాశ్రయానికి అనుసంధానంగా ఈ తీరం వెంట రోడ్డును విస్తరించాలన్న ప్రతిపాదనలు కొన్నేళ్లుగా ఉన్నాయి. రోడ్డు వెడల్పయితే భీమిలి ఇంకా దగ్గరవుతుంది. కానీ ఒక వైపు కొండ, మరోవైపు సముద్రం ఉన్న ఇరుకు భాగాల్లో ఆ వెడల్పుకు కావాల్సిన స్థలం కొండను తవ్వి తీసుకోవాలి, లేదా బీచ్ నుంచి తీసుకోవాలి.

అదే ప్రణాళికలో నడిచేవారికి, సైకిళ్లకు విడిగా దారి ఎంత ఇస్తారు, జాలరిపేటల పడవలకు స్థలం ఎక్కడ ఉంచుతారు, ఎర్రమట్టి దిబ్బలకు ఎంత దూరంగా వెళ్తారు, కోత వస్తే దారి ఎటు జరుగుతుంది అనేవి ముందే గీయాల్సిన గీతలు. రోడ్డు పడ్డాక, పక్కన భవనాలు లేచాక వాటికి చోటు దొరకదు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. రిసార్టుల మధ్య వదలాల్సిన 20 మీటర్ల దారులను గుర్తించి బోర్డులు పెట్టడం, కొండ ముక్కుల మీద ఇప్పటికే ఉన్న కాలిబాటలను తీర నిర్వహణ పటాల్లో నమోదు చేయడం, తాబేళ్ల కాలంలో మూసేసే భాగాలను ముందే ప్రకటించడం.. ఇవన్నీ ఉన్న చట్టాల్లోనే చేయదగిన పనులు. పటంలో లేని దారి పోయినా ఎవరూ గమనించరు. అది ఉండేదని చెప్పడానికి రుజువు కూడా మిగలదు.